ల్యాప్‌టాప్ రిపేర్, వారంటీ, డేటా రికవరీ: షాపు సర్వీస్ కౌంటర్‌ని ఎంతవరకు నమ్మొచ్చు

ల్యాప్‌టాప్‌లు అమ్మే పెద్ద షాపుల్లో ఒక పక్కన సర్వీస్ కౌంటర్ ఉంటుంది. రిపేర్లు, వారంటీ క్లెయిములు, డేటా రికవరీ అని మూడూ ఒకే బోర్డు మీద రాసి ఉంటాయి. నిజానికి ఇవి మూడు వేరు వేరు పనులు. పనివాళ్లు వేరు, పరికరాలు వేరు, డబ్బు లెక్క వేరు. కౌంటర్‌లో మెషీన్ తీసుకునే మనిషి చాలాచోట్ల ఈ మూడింటిలో ఏదీ తన చేత్తో చేయడు. జాబ్‌షీట్ రాసి, మెషీన్ ప్యాక్ చేసి ఇంకో చోటికి పంపిస్తాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఏ పనికి అక్కడికి వెళ్లాలో, ఏ పనికి వెళ్లకూడదో సగం తేలిపోతుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. వారంటీలో ఉన్న మెషీన్‌ని కంపెనీకి చేర్చడానికి షాపు కౌంటర్ పనికొస్తుంది, కాగితాలు సరిగ్గా రాయించుకుంటే. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కీబోర్డ్, బ్యాటరీ మార్పించుకోవడానికీ ఫరవాలేదు. వారంటీ దాటాక మదర్‌బోర్డ్ పోతే, బోర్డు మీది కాంపొనెంట్లు మార్చగలిగే టెక్నీషియన్ దగ్గరికి వెళ్లడం మేలు. డేటా రికవరీకి మాత్రం కౌంటర్ వైపు పోవద్దు.

వారంటీ ఇచ్చేది ఎవరు?

కొనేటప్పుడే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది. యూరోపియన్ యూనియన్ దేశాల్లో అమ్మిన షాపే కనీసం రెండేళ్లు చట్టప్రకారం బాధ్యత వహించాలి. చాలాచోట్ల మాత్రం బిల్లు మీద కనిపించే ఏడాది వారంటీ తయారీ కంపెనీది. షాపు తనంతట తాను ఇచ్చేది కొన్న మొదటి కొద్ది రోజుల రీప్లేస్‌మెంట్ గడువు మాత్రమే. ఆ గడువులో లోపం బయటపడితే కొత్త మెషీన్ వస్తుంది. గడువు దాటితే వచ్చేది రిపేర్, అది కూడా చాలాసార్లు రీఫర్బిష్ చేసిన (పాతవి బాగుచేసిన) పార్టులతో. ఈ రెంటికీ మధ్య తేడా చాలా పెద్దది. కాబట్టి కొత్త మెషీన్‌ని ఆ కొద్ది రోజుల్లోనే బాగా కష్టపెట్టి చూడాలి. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఫుల్ స్క్రీన్‌లో పెట్టి పిక్సెల్స్ చూడండి. చీకటి గదిలో నల్ల స్క్రీన్ పెట్టి అంచుల్లో వెలుతురు కారుతోందేమో చూడండి. ప్రతి పోర్టులోనూ ఏదో ఒకటి గుచ్చి పరీక్షించండి. మూత వేసి స్లీప్‌లో ఓ రాత్రంతా వదిలేసి, పొద్దున బ్యాటరీ ఎంత తగ్గిందో చూడండి. ఒక గంట ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టి ఫ్యాన్ చప్పుడు, వేడి గమనించండి. వైఫై రౌటర్‌కి రెండు గోడల అవతల కూర్చుని చూడండి. ఫ్యాక్టరీలో యాంటెన్నా వైరు సరిగ్గా నొక్కకపోతే అది దగ్గర్లో తెలియదు, దూరంలోనే బయటపడుతుంది.

రెండో విషయం వారంటీ తేదీ. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబర్ కొడితే వచ్చే తేదీ చాలాసార్లు మెషీన్ ఫ్యాక్టరీ నుంచో, డిస్ట్రిబ్యూటర్ నుంచో బయల్దేరిన తేదీని బట్టి వేసింది. షాపు గోడౌన్‌లో ఆర్నెల్లు పడున్న పెట్టె కొంటే, వారంటీలో అంతమేర అప్పటికే కరిగిపోయినట్టు చూపిస్తుంది. కొన్నరోజే చూసుకుని, బిల్లు కాపీ పంపితే కంపెనీ తేదీ సరిచేస్తుంది. దీనికి బిల్లు మీద సీరియల్ నంబర్ అచ్చై ఉండాలి. ఒట్టి మోడల్ పేరుతో ఇచ్చే బిల్లు క్లెయిమ్ వేళ ఇబ్బంది పెడుతుంది. నంబర్ వేయించుకున్నాకే షాపు దాటండి.

ఎక్స్‌టెండెడ్ ప్లాన్లు

కౌంటర్‌లో అమ్మే ప్లాన్లు రెండు రకాలు. కంపెనీ తన వారంటీనే పొడిగించేది ఒకటి. షాపు తన పేరుతో అమ్మేది, వెనకాల బీమా సంస్థో మూడో పార్టీయో నడిపేది ఇంకొకటి. పేర్లు దాదాపు ఒకేలా ఉంటాయి, పనితీరు మాత్రం ఒకేలా ఉండదు. కంపెనీ పొడిగింపు అయితే సీరియల్ నంబర్ కొట్టినప్పుడు వెబ్‌సైట్‌లోనే కొత్త గడువు కనిపిస్తుంది, ఒరిజినల్ పార్టులే వేస్తారు. షాపు ప్లాన్‌లో షరతులే అంతా. వాటిలో చదవాల్సినవి: మొత్తం క్లెయిములకు పరిమితి ఎంత, ఏటా తరుగు ఎంత కోస్తారు, ఒకసారి మెషీన్ మార్చి ఇస్తే ప్లాన్ అక్కడితో ముగుస్తుందా, మార్చేటప్పుడు మెషీన్ ఇస్తారా లేక వోచర్ చేతిలో పెడతారా, వాళ్ల అనుమతి లేకుండా ఎవరైనా విప్పితే ఏం జరుగుతుంది, కొన్నాక ఎన్ని రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. చాలా క్లెయిములు ఈ చివరి షరతు దగ్గరే తిరిగొస్తాయి. ప్లాన్ కొని రిజిస్టర్ చేయకపోతే అది ఉన్నా లేనట్టే.

రెండూ ఎదురుగా ఉంటే కంపెనీ పొడిగింపే తీసుకోమంటాను. దాన్ని కొన్నరోజే తీసుకోవాలన్న తొందర కూడా సాధారణంగా ఉండదు. అసలు వారంటీ నడుస్తుండగా తరవాతైనా కొనే వీలు చాలా బ్రాండ్లు ఇస్తాయి. ఇంకో సంగతి, పొడిగింపు వేరు, యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ వేరు. మొదటిది తయారీ లోపానికే పనికొస్తుంది. కింద పడి స్క్రీన్ పగిలినా, కీబోర్డ్ మీద కాఫీ పడినా రెండోది ఉండాలి. బ్యాగులో వేసుకుని రోజూ తిప్పే మెషీన్‌కి ఈ రెండోదే ఎక్కువ అక్కరకొస్తుంది.

బ్యాటరీ గురించి ఒక ముక్క. వారంటీ మూడేళ్లకు పొడిగించినా బ్యాటరీ చాలాచోట్ల ఏడాదికే ఆగిపోతుంది. ఆ ఏడాదిలో కూడా వాడకం వల్ల తగ్గే కెపాసిటీని లోపంగా లెక్కించని కంపెనీలు ఉన్నాయి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీస్తే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ పక్కపక్కన వస్తాయి. 56,000 మిల్లీవాట్-అవర్ల బ్యాటరీ 41,000 దగ్గర ఆగితే 73 శాతం మిగిలినట్టు. ఏడాది నిండకముందే ఇలా ఉంటే ఆ రిపోర్టు ప్రింట్ తీసి క్లెయిమ్‌కి జోడించండి. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, కింది మూత బయటికి ఉబ్బినా బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. ఇక ఛార్జింగ్ పెట్టొద్దు, మూత గట్టిగా నొక్కి మూయొద్దు.

అప్పగించే ముందు

డేటాకు తమ బాధ్యత లేదని దాదాపు ప్రతి వారంటీ కాగితంలోనూ స్పష్టంగా రాసి ఉంటుంది. సర్వీస్ సెంటర్‌లో విండోస్ తిరిగి వేసేయడం మామూలు వ్యవహారం. సమస్య సాఫ్ట్‌వేర్‌దా హార్డ్‌వేర్‌దా అని తేల్చడానికి వాళ్లకు అదే దగ్గరి దారి. కాబట్టి బ్యాకప్ లేకుండా మెషీన్ ఇచ్చారంటే డిస్క్ ఖాళీ అవడానికి ఒప్పుకున్నట్టే.

బ్యాకప్ కంటే ఎక్కువమంది మరిచిపోయేది ఎన్‌క్రిప్షన్ కీ, అంటే డిస్క్‌లోని డేటాకు వేసిన తాళం చెవి. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌ల్లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అవగానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది. వాడేవాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆ తాళం చెవి ఉండేది మదర్‌బోర్డ్ మీది టీపీఎమ్ అనే భద్రతా చిప్‌లో. బోర్డు మార్చారంటే పాత టీపీఎమ్ పోయినట్టే. రిపేరై వచ్చిన మెషీన్ ఆన్ చేయగానే నీలం స్క్రీన్ మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే ఎస్‌ఎస్‌డీ నిక్షేపంగా ఉన్నా లోపలి ఫైళ్లు ఎవరూ తీయలేరు. సర్వీస్ సెంటర్ తీయలేదు, మైక్రోసాఫ్ట్ తీయలేదు, రికవరీ ల్యాబూ తీయలేదు. మెషీన్ ఇచ్చే ముందు ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైజ్‌ల కింద రికవరీ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకే అకౌంట్ కింద రెండు మూడు కీలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. స్క్రీన్ మీద కీ ఐడీ వస్తుంది, దానితో సరిపోలే కీ కొట్టాలి. ఆఫీసు అకౌంట్‌తో సెటప్ చేసిన మెషీన్ అయితే కీ ఆఫీసు ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. బయాస్ (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేయమని కౌంటర్‌లో చెప్పినా అంతే, ముందు ఎన్‌క్రిప్షన్‌ని సస్పెండ్ చేసి తరవాత అప్‌డేట్ వేయాలి.

పాస్‌వర్డ్ అడిగితే మీ అకౌంట్‌ది ఇవ్వొద్దు. వేరే లోకల్ యూజర్ ఒకటి చేసి ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీ విప్పడానికి వీలున్న మోడల్ అయి, సమస్య స్క్రీన్‌దో హింజ్‌దో (మూత కీలుదో) అయితే డిస్క్ తీసి ఇవ్వడం కుదురుతుందా అని అడగొచ్చు. చాలా కంపెనీలు మాత్రం కొన్న కాన్ఫిగరేషన్‌తోనే ఇవ్వాలంటాయి. వ్యాపార మోడళ్లకు డెల్, హెచ్‌పీ, లెనోవో పాడైన డ్రైవ్‌ను కస్టమర్ దగ్గరే ఉంచుకునే ప్లాన్ విడిగా అమ్ముతాయి. ఆ ప్లాన్ లేకపోతే వారంటీలో మార్చిన డ్రైవ్ కంపెనీ సొత్తు అవుతుంది, దానిలో ఉన్న మీ ఫైళ్లతో సహా. లెక్కలు, క్లయింట్ల పత్రాలు ఉండే మెషీన్‌కి ఈ ప్లాన్ తీసుకోవడం వృథా ఖర్చు కాదు.

జాబ్‌షీట్ మీద ఉండాల్సినవి: సీరియల్ నంబర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సైజులు, వాటి సీరియల్ నంబర్లు, అడాప్టర్ ఇచ్చారా లేదా, మూత మీద, మూలల్లో ఉన్న గీతలు, సొట్టలు, చివరగా సమస్య మీ మాటల్లో. "ఆన్ కావడం లేదు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తే ఒప్పుకోవద్దు. "బ్యాటరీ మీద 20 నిమిషాలు నడిచాక హఠాత్తుగా ఆగిపోతోంది, అడాప్టర్ పెడితే ఆగడం లేదు" అని రాయించండి. గీతల గురించి కౌంటర్‌లో రాయకపోతే, అవతలి సర్వీస్ సెంటర్‌లో వాటిని చూసి ఫిజికల్ డ్యామేజ్ అని రాసే అవకాశం ఉంది. అప్పగించే టేబుల్ మీదే నాలుగు వైపులా ఫొటోలు తీయండి.

"ఫాల్ట్ కనిపించలేదు"

అప్పుడప్పుడూ వచ్చే లోపం ఉన్న మెషీన్ చాలాసార్లు ఇదే మాటతో వెనక్కి వస్తుంది. అబద్ధం చెప్పారనుకోనక్కర్లేదు. వాళ్ల బెంచ్ మీద నిజంగానే రాలేదు. ఏసీ గదిలో, అడాప్టర్ మీద, కొత్తగా వేసిన విండోస్‌తో, బ్రౌజర్ ఒక్కటి తెరిచి చూస్తే వేడికి వచ్చే లోపం ఎలా కనిపిస్తుంది? అందుకే ఆధారం మీరే పట్టుకెళ్లాలి. ఫోన్‌తో తీసిన వీడియో అన్నిటికంటే బలమైనది. ఆ తరవాత కంపెనీ సొంత డయాగ్నొస్టిక్స్ ఇచ్చే ఎర్రర్ కోడ్. డెల్‌లో ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కితే వచ్చే మెనూలో డయాగ్నొస్టిక్స్ ఉంటుంది, హెచ్‌పీలో ఎఫ్2. డెల్ 2000-0142 అని చూపిస్తే డ్రైవ్ సెల్ఫ్ టెస్ట్ ఫెయిలైనట్టు. హెచ్‌పీ అయితే 24 అక్షరాల ఫెయిల్యూర్ ఐడీ ఇస్తుంది. ఈ కోడ్ ఫొటోతో వెళ్తే వాదన ఉండదు, ఎందుకంటే ఆ పరీక్ష కంపెనీ రాసిందే. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నెల్-పవర్ 41 చూపిస్తే మాత్రం లాభం లేదు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని తప్ప ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ర్యామ్ మీద అనుమానం ఉంటే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా లోపమే, "ఒకటే కదా" అనడానికి లేదు. ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసిన మోడల్ అయితే ఆ ఒక్క ఎర్రర్‌తో మొత్తం బోర్డు మార్చాల్సి వస్తుంది. వారంటీలో ఉండగానే ఈ పరీక్ష చేయమనడం అందుకే.

హింజ్, తడి: గొడవలన్నీ ఇక్కడే

క్లెయిమ్ తిరస్కరణల్లో ఎక్కువ వివాదం హింజ్ మీదే నడుస్తుంది. మూత తెరిచేటప్పుడు మూలలో టక్కుమని చప్పుడు, బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేమ్) కొద్దిగా విడిపోవడం, ఆ తరవాత ఒక రోజు మూత ఊడిరావడం. లోపల జరిగేది ఇది: హింజ్‌ని పట్టి ఉంచే స్క్రూలు దిగేది ప్లాస్టిక్‌లో గుచ్చిన చిన్న ఇత్తడి బుడిపెల్లోకి. హింజ్ బిగుసుకుపోతే మూత ఎత్తిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ బుడిపెల మీద పడుతుంది. అవి చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని చీల్చుకుని బయటికొస్తాయి. సర్వీస్ సెంటర్‌కి కనిపించేది పగిలిన ప్లాస్టిక్, కాబట్టి ఫిజికల్ డ్యామేజ్ అని రాస్తారు. దీనికి జవాబు ఆధారమే. మూత బిగుతుగా వస్తున్నప్పుడు, అంటే ఏదీ విరగకముందే కంప్లైంట్ నమోదు చేయండి. ఆ నంబర్ చేతిలో ఉంటే, ఆరు నెలల తరవాత విరిగినా లోపం ముందే చెప్పామని నిలబడొచ్చు. పడిన గుర్తులు, మూలల్లో సొట్టలు లేవని చూపించే ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. వారంటీ లేకపోతే, బుడిపెలు ఊడిన తొలిదశలో ఎపాక్సీతో తిరిగి కూర్చోబెట్టి, హింజ్ బిగుతు కొద్దిగా సడలించడం బాగా నిలబడే రిపేర్. బిగుతు తగ్గించకుండా ఎపాక్సీ ఒక్కటే పెడితే మళ్లీ ఊడుతుంది.

తడి విషయంలో సర్వీస్ వాళ్లు చూసేది రెండు: లోపల అంటించిన తడి గుర్తించే చుక్కలు రంగు మారాయా, బోర్డు మీద ఆకుపచ్చ, తెలుపు తుప్పు ఉందా. లిక్విడ్ డ్యామేజ్ అని చెబితే బోర్డు ఫొటో ఇవ్వమని అడగండి. ఆ ఫొటోలో తుప్పు ఎక్కడుందో చూపించమనండి. తుప్పున్న చోటుకీ, చెడిపోయిన భాగానికీ సంబంధం లేకపోతే రాతపూర్వకంగా అప్పీల్ చేయండి. నిజంగానే తడిస్తే పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయాలి, అడాప్టర్ తీసేయాలి, మెషీన్‌ని తలకిందులుగా గుడారంలా నిలబెట్టాలి, ఆరిందనుకుని ఆన్ చేసి చూడకూడదు. లోపల బ్యాటరీ కనెక్ట్ అయి ఉన్నంతసేపూ తడి చోట విద్యుత్తు రాగిని తినేస్తూనే ఉంటుంది. గంటల్లోపు బ్యాటరీ ప్లగ్ విప్పించి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బోర్డు కడిగిస్తే చాలావరకు బతుకుతుంది. బియ్యంలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. చక్కెర, పాలు కలిసిన తేమ బియ్యానికి ఊడిరాదు.

బోర్డు మార్చాలన్నారంటే

వారంటీ దాటిన మెషీన్‌కి షాపు కౌంటర్ చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే, "మదర్‌బోర్డ్ మార్చాలి". వాళ్ల పద్ధతిలో బోర్డు ఒకే పార్టు. దాని మీద పోయింది ఒక చిన్న సెరామిక్ కెపాసిటర్ మాత్రమే కావచ్చు. అడాప్టర్ నుంచి వచ్చే 19 వోల్టుల లైన్ మీద ఇలాంటి కెపాసిటర్లు డజన్ల కొద్దీ ఉంటాయి. ఒక్కటి షార్ట్ అయినా మొత్తం మెషీన్ చచ్చినట్టు పడుంటుంది. పని తెలిసిన టెక్నీషియన్ ముందు మల్టీమీటర్‌తో ఆ లైన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూస్తాడు. షార్ట్ ఉంటే బెంచ్ పవర్ సప్లై నుంచి ఒక వోల్టు దగ్గర కరెంటు పంపి, బోర్డు మీద ఆల్కహాల్ పూస్తాడు. షార్టైన భాగం వేడెక్కుతుంది కాబట్టి దాని మీది ఆల్కహాల్ అన్నిటికంటే ముందు ఆరిపోతుంది. థర్మల్ కెమెరా ఉంటే ఇంకా తేలిక. ఈ పరీక్ష చేయకుండా, బోర్డుకు వేడి గాలి కొట్టి "చిప్ రీబాల్ చేశాం (కింది సోల్డర్ గోళీలు మార్చాం)" అనే చోట మెషీన్ వదలొద్దు. అలా బతికిన మెషీన్లు చాలావరకు కొన్ని వారాల్లో మళ్లీ ఆగిపోతాయి.

బయాస్ చిప్ రాయాలన్నప్పుడు ఒకటి గట్టిగా చెప్పండి: పాత చిప్‌లో ఉన్నది ముందు కాపీ తీసి ఉంచమనండి. సీరియల్ నంబర్, విండోస్ లైసెన్స్ కీ అందులోనే ఉంటాయి. నెట్‌లో దొరికిన ఫైలు నేరుగా రాసేస్తే మెషీన్ ఆన్ అవుతుంది కానీ సీరియల్ నంబర్ వేరేవాళ్లది వస్తుంది.

మెషీన్ తిరిగి తీసుకునేటప్పుడు కౌంటర్‌లోనే పావుగంట కూర్చోండి. బోర్డు మార్చి ఉంటే బయాస్‌లో సీరియల్ నంబర్ కింద స్టిక్కర్‌తో సరిపోతోందా, విండోస్ యాక్టివేట్ అయి ఉందా చూడండి. కొత్త బోర్డులో ఆ వివరాలు రాయడం మరిచిపోవడం తరచుగా జరుగుతుంది. అలా వదిలేస్తే తరవాతి వారంటీ క్లెయిమ్‌లో మెషీన్ ఎవరిదో తేలదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ సైజులు జాబ్‌షీట్‌తో పోల్చండి. వైఫై, కెమెరా, రెండు స్పీకర్లు, ప్రతి కీ చూడండి. కింది స్క్రూలు లెక్కపెట్టండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డ్ దగ్గర చిన్న గుబ్బ లేస్తుంది. మార్చిన పార్టుకు ఎన్నాళ్లు వారంటీయో బిల్లు మీద రాయించండి.

డేటా రికవరీ

అసలు నష్టం జరిగేది ఇక్కడే. కౌంటర్‌లో రికవరీ అంటే చాలాచోట్ల డ్రైవ్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి ఒక సాఫ్ట్‌వేర్ నడపడం. ఫైలు పొరపాటున డిలీట్ అయి, డ్రైవ్ ఆరోగ్యంగా ఉంటే అది సరిపోతుంది. డ్రైవే జబ్బు పడి ఉంటే ఆ స్కానే దాన్ని చంపుతుంది. హార్డ్ డిస్క్‌లో హెడ్ (డేటా చదివే మొన) ప్లాటర్‌కి (డేటా ఉండే, తిరిగే పళ్లెం) కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. దెబ్బతిన్న హెడ్‌తో గంటల తరబడి స్కాన్ పెడితే అది పైపూతను గీకేస్తుంది. గీకిన చోట ఉన్న డేటా ఇక ఏ ల్యాబూ తేలేదు. విండోస్‌లోని చెక్‌డిస్క్ టూల్‌తో రిపేర్ చేయించడం ఇంకా ప్రమాదం. అది డిస్క్ మీద రాస్తుంది, తనకు అర్థం కాని ఫోల్డర్ల లింకులు తెంచేస్తుంది.

చప్పుడే చాలా చెబుతుంది. టక్ టక్ మని ఒకే లయలో కొట్టుకుని ఆగిపోతే హెడ్లు పోయి ఉండొచ్చు. సన్నగా బీప్ లాంటి శబ్దం వచ్చి తిరగకపోతే హెడ్ ప్లాటర్‌కి అతుక్కుపోయి ఉండొచ్చు, ల్యాప్‌టాప్‌ల చిన్న డిస్కుల్లో ఇది కనిపిస్తుంది. ఏ చప్పుడూ లేకపోతే సర్క్యూట్ బోర్డు కావచ్చు. అదే మోడల్ బోర్డు ఇంకోటి తెచ్చి మార్చేస్తే సరిపోతుందనే మాట ఇప్పటి డిస్కులకు చెల్లదు. ప్రతి డిస్కుకూ ఫ్యాక్టరీలో కొలిచిన సర్దుబాట్లు దాని రోమ్ (ROM) చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ని కూడా కొత్త బోర్డు మీదికి మార్చాలి. ఈ మూడు సందర్భాల్లోనూ మీరు చేయాల్సింది ఒకటే, కరెంటు తీసేయడం. ఫ్రీజర్‌లో పెట్టడం, అరచేత్తో తట్టడం వద్దే వద్దు. చల్లబడ్డ ప్లాటర్ల మీద తేమ పడితే ఉన్న అవకాశమూ పోతుంది.

చప్పుడు మామూలుగానే ఉండి, కాపీ నెమ్మదించిన డిస్క్ అయితే స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూడండి. 5, 197, 198 నంబర్ల విలువలు సున్నా దాటి పెరుగుతుంటే ఉపరితలం చెడుతోంది. 199 ఒక్కటే పెరుగుతుంటే అది కేబుల్ తప్పు, డిస్క్‌ది కాదు. ఉపరితలం చెడుతున్న డిస్క్ నుంచి ఫైళ్లు లాగి కాపీ చేయకూడదు. ముందు మొత్తం డిస్క్‌కి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీయాలి. లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ ఈ పనికే ఉంది. మొదటి విడతలో చెడ్డ చోట్లు దాటేస్తూ బాగున్న భాగమంతా లాగేస్తుంది, తరవాతి విడతల్లో చెడ్డ చోట్లకు వస్తుంది. మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైలు) పెట్టి నడిపితేనే మధ్యలో ఆగినా అక్కడి నుంచే కొనసాగుతుంది. అది లేకుండా నడపడం వృథా. ఇమేజ్ వెళ్లే డిస్క్ పాతదానికంటే పెద్దదిగా ఉండాలి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఆ ఇమేజ్ మీదే నడపాలి. ఒకే కాపీ ఉన్న పెళ్లి ఫొటోలో, థీసిస్సో అయితే ఇది కూడా సొంతంగా చేయకుండా ల్యాబ్‌కి ఇవ్వండి.

ఎస్‌ఎస్‌డీ కథ వేరు. ఫైలు డిలీట్ చేసిన కాసేపటికే ట్రిమ్ ఆదేశం (ఈ చోటు ఇక ఖాళీ అని డ్రైవ్‌కి చెప్పేది) వెళ్లిపోతుంది. ఆ బ్లాకులు చదివితే సాధారణంగా సున్నాలే వస్తాయి. కాబట్టి ఎస్‌ఎస్‌డీలో డిలీట్ అయిన ఫైలు గ్యారంటీగా తెస్తామన్న వాళ్లని నమ్మొద్దు. కంట్రోలర్ (డ్రైవ్‌ని నడిపే చిప్) చెడి డ్రైవ్ కనిపించకపోవడం ఇంకో రకం, దానిలో ఆశ ఉంటుంది. బయాస్‌లో డ్రైవ్ అసలు పేరు బదులు సాటాఫర్మ్ ఎస్11 అని కనిపిస్తే ఫైసన్ కంపెనీ కంట్రోలర్ ఫర్మ్‌వేర్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) లోడ్ కాలేదన్నమాట. పీసీ-3000 లాంటి రికవరీ పరికరం ఉన్న ల్యాబ్ దీన్ని చాలాసార్లు చదవగలదు. నెట్‌లో దొరికే ఫర్మ్‌వేర్ టూల్‌తో డ్రైవ్‌ని "రిపేర్" చేయిస్తే డ్రైవ్ బతుకుతుంది, డేటా మొత్తం చెరిగిపోతుంది. కౌంటర్లలో జరిగే పొరపాట్లలో ఇదొకటి.

2018 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ప్రో, ఎయిర్ మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, దాని తాళాలు బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి. మెమరీ చిప్పులు ఊడదీసి చదవడం వల్ల లాభం లేదు. బోర్డును మళ్లీ బూట్ అయ్యేదాకా బాగుచేయడమొక్కటే మార్గం. కంపెనీ సర్వీస్‌కి ఇస్తే బోర్డు మార్చేస్తారు, డేటా దానితోపాటే పోతుంది. డేటా కావాలంటే ముందు బోర్డు రిపేర్ చేసే రికవరీ ల్యాబ్, ఆ తరవాతే వారంటీ.

ల్యాబ్‌ని ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి అడగండి. డ్రైవ్ విప్పేది మీ దగ్గరేనా, ఇంకెక్కడికైనా పంపుతారా? శుభ్రమైన గాలి ఉండే క్యాబినెట్ ఉందా? డేటా రాకపోతే ఫీజు ఉండదంటున్నారు, మరి పరీక్ష ఫీజు, డోనర్ డ్రైవ్ (పార్టులు తీసి వాడే అదే మోడల్ డ్రైవ్) ఖర్చు సంగతేంటి? డోనర్ ఖర్చు చాలాచోట్ల వెనక్కి రాదు. డబ్బు కట్టే ముందు ఫైళ్ల జాబితా చూపిస్తారా? జాబితాలో పేర్లు కనిపిస్తే సరిపోదు, మీకు ముఖ్యమైన నాలుగైదు ఫైళ్లు తెరిచి చూపించమనండి. పేరు, సైజు సరిగ్గా ఉండి లోపల సున్నాలే ఉన్న ఫైళ్లు చెడ్డ సెక్టార్లున్న డిస్కుల్లో మామూలే. ల్యాబ్‌కి ఇచ్చే ముందు ఎవరెవరు ఏం చేశారో దాచకుండా చెప్పండి. ఒకసారి విప్పిన డ్రైవ్ అని తెలిస్తే వాళ్లు ముందు ప్లాటర్ల మీద దుమ్ము చూస్తారు, తెలియకపోతే నేరుగా కరెంటు ఇస్తారు. సీగేట్ చాలా డ్రైవ్‌లతో రెస్క్యూ పేరిట సొంత రికవరీ సర్వీస్ కలిపి అమ్ముతుంది. బయట ల్యాబ్‌కి ఇచ్చే ముందు సీరియల్ నంబర్‌తో మీ డ్రైవ్‌కి అది ఉందేమో చూసుకోండి.

వచ్చిన డేటాని కొత్త డిస్క్‌లో తీసుకోండి, పాతదాన్ని తిరిగి వాడొద్దు. ఇంటికొచ్చాక దాన్ని ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసి, వీడియోలు మధ్యలో, చివర్లో కూడా ఆడించి చూడండి. ల్యాబ్‌లు తమ దగ్గరి కాపీని కొద్ది రోజులే ఉంచి చెరిపేస్తాయి. ఏదైనా ఫైలు తెరుచుకోకపోతే మళ్లీ తీయించుకునే వీలు ఆ కొద్ది రోజుల్లోనే.